గంగిరెద్దు, రామలింగని పిల్లి, ఫోనులోని కుక్కపిల్ల

సంక్రాంతి దినములలో ఒక ఉదయము మేము రేపల్లెలో బంధువుల యింటి అరుగుపై కూర్చుండి యుంటిమి. వీధి చివర సన్నాయి వినబడినది. కొంతసేపటికి గంగిరెద్దు వచ్చి వాకిట నిలిచినది. వీపుపై రంగురంగుల బొంతలు, మెడలో గంటలు, కొమ్ములకు కుచ్చులు. దానిని తెచ్చినవాడు అలవాటైన రీతిగా అమ్మగారికి దండము పెట్టుమనెను. అది తల వంచినది. ఆ యింటి మనుమడు, ఎనిమిదేండ్ల బాలుడు, అంతవఱకు ఫోనులో ఒక కుక్కపిల్లకు తిండి పెట్టుచుండెను. ఆ కుక్కపిల్ల తలపై ఒక చిన్న గీత యుండును. కడుపు నిండినపుడు గీత నిండుగా పచ్చగా నుండును. ఆకలి వేసినపుడు కుదించుకొనిపోయి ఎఱ్ఱబారును. బాలుడు తల యెత్తి ఎద్దును చూచి, “నాయనమ్మా, దీని ఆకలి ఎక్కడ కనబడుతుంది?” అని అడిగెను. ఆమె నవ్వలేదు. “ఎడమవైపు డొక్క చూడరా నాయనా, గుంట పడింది కనబడటం లేదూ?” అని చెప్పి, చేటతో ధాన్యము తెచ్చుటకు లోపలికి పోయెను.

ఆ ప్రశ్న మమ్ము చాలదినములు విడువలేదు. జంతువునకు ఆకలి, కోపము, భయము, మచ్చిక ఉండుట వేఱు. అవి ఉన్నట్లు చూచువారికి తోచునట్లు చేయుట వేఱు. నేడు ఫోనులందును కంప్యూటరులందును లక్షలమంది ఆడుకొను ఆన్‌లైను ఆటలలో ఆటగానికి తోడుగా నడచు గుఱ్ఱములు, కుక్కలు, తోడేళ్లు ఉన్నవి. వాని స్వభావమును ఎవరో ఒకరు కూర్చుండి కల్పించుచున్నారు. ఇది కొత్తవిద్య యని పలువురు తలంతురు. యంత్రము కొత్తదే; విద్య మాత్రము కొత్తది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారికి దీని మొదళ్లు ఇంటిలోని వస్తువులవలె పరిచితములు.

మొదట పులిజూదమును తీసికొందము. పాత దేవాలయముల మండపములలో నేలపై పఱచిన రాళ్లమీద ఆ గీతలు నేటికిని కనబడును. పులులు 3, మేకలు 15. పులి మేకపై నుండి దుమికి దానిని తీసివేయగలదు. మేకకు దుముకుట లేదు. తోడి మేకలతో కూడి పులికి కదలిక లేకుండ కట్టివేయుటయే దాని బలము. రెండు జంతువుల నడవడిని రెండు చిన్న నియమములలో ఇమిడ్చిన నేర్పరి యెవరో మనకు తెలియదు. అయినను ఇందులో నడవడి యున్నదే కాని స్వభావము లేదు. మూడు పులులలో ఒకటి పిఱికిది, ఒకటి కోపిష్ఠిది అను భేదము లేదు. నడవడి జాతికంతకును చెందినది. స్వభావము ఒక్కొక్క ప్రాణికి చెందినది. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఒక్కొక్క ప్రాణికి స్వభావమును చెప్పుటకు మనవారు మొదట అవలంబించిన మార్గము గుర్తులనుబట్టి పేరు పెట్టుట. క్రీస్తుశకము 6వ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఆవులకు, కుక్కలకు, కోళ్లకు, గుఱ్ఱములకు, ఏనుగులకు వేర్వేఱుగా లక్షణములు చెప్పెను. ఏనుగులను భద్రము, మందము, మృగము అని మూడు తెగలుగను, ఈ లక్షణములు కలసినదానిని సంకీర్ణముగను విభజించిరి. మన తెలుగున మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములను పద్యములలో రచించెను. రైతులు ఎద్దును కొనునపుడు దాని మేనిపై సుడులు ఎక్కడెక్కడ నున్నవో వెదకుట మనమెఱిగినదే. కోడిపందెముల వారు చెప్పు కుక్కుటశాస్త్రము మఱింత దూరము పోయినది. ఈకల రంగునుబట్టి డేగ, కాకి, నెమలి, పింగళ అని పేర్లు పెట్టి, ఏ దినమున ఏ జామున ఏ రంగు కోడి గెలుచునో అది లెక్క కట్టును. రంగునకును ధైర్యమునకును ఇట్టి సంబంధము కలదని నిరూపించినవారు లేరు. కాని పేరు పెట్టుటలో ఒక ఆకర్షణ యున్నది. పేరు వినగానే మనము ఆ ప్రాణిలో ఆ గుణమునే వెదకుదుము. వెదకినవారికి అది కనబడకపోదు.

రెండవ మార్గము అలవాటు చేయుట. దీనికి తెనాలి పేరుతోనే ముడివడిన కథ యున్నది. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమును రచించిన మహాకవి. రామలింగని పిల్లి కథ చరిత్ర కాదు, జనశ్రుతి. అయినను అందులోని విషయము శాస్త్రమునకు దగ్గఱది. రాయలవారు ఎలుకల బాధ పోవుటకై ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలకొఱకు ఒక ఆవును ఇచ్చెనట. రామలింగడు మొదటి దినముననే పొగలు గ్రక్కు పాలను పిల్లి ముందుంచెను. మూతి కాలిన పిల్లి ఆపైన పాలగిన్నె కనబడినచో పాఱిపోవుచుండెను. పాలన్నియు రామలింగని యింటివారు త్రాగిరి. పరీక్షనాడు అందఱి పిల్లులును బలిసి యుండగా, ఇతని పిల్లి ఎముకలు తేలి పాలను చూచి పరుగెత్తెను.

మనము ఈ కథకు నవ్వుదుము. కాని అందులో ఒక పిల్లి స్వభావమును ఒక్కపూటలో మార్చిన మనుష్యుడున్నాడు. 1898లో అమెరికాలో ఎడ్వర్డు థార్న్‌డైక్ అను పండితుడు పిల్లులను కొయ్యపెట్టెలలో నుంచి, లోపలి తాడు లాగినచో గాని మీట నొక్కినచో గాని తలుపు తెఱచుకొనునట్లు చేసి, వెలుపల తిండి పెట్టెను. మొదట పిల్లి గోకును, కొఱుకును, అటునిటు దుముకును. ఎప్పుడో యాదృచ్ఛికముగా తలుపు తెఱచుకొనును. పలుమాఱులు జరిగిన పిమ్మట వ్యర్థ చేష్టలు తగ్గి, పెట్టెలో నుంచగానే తాడు లాగుట నేర్చుకొనును. సుఖమునిచ్చిన చేష్ట నిలుచును, బాధనిచ్చినది తొలగును అనునది ఆయన తేల్చిన సూత్రము. రామలింగడు ఆ సూత్రములోని రెండవ సగమును తన యింటి ప్రయోజనమునకు వాడుకొనెను. పిల్లి పొందిన బాధ మాత్రము కథలో ఎవరికిని పట్టలేదు.

మూడవది పుట్టుకనుండి ఎన్నుకొనుట. ఒంగోలు జాతి పశువులు ఇందుకు మన నిదర్శనము. భారీ శరీరము, లాగుడు బలము, వానితోపాటు మాట వినెడి గుణము గల పశువుల సంతానమును మన రైతులు తరతరములుగా నిలుపుకొనుచు వచ్చిరి. ఈ జాతి సముద్రములు దాటి బ్రెజిలు దేశమున నెలూరు పశువులను పేర వ్యాపించినది. ఆ పేరు మన నెల్లూరిదే. 1959లో రష్యాలో ద్మిత్రి బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు నక్కలతో ఈ పనినే పరీక్షగా చేయ నారంభించెను. మనుష్యుని చూచి బెదరని నక్కలనే ఎన్నుకొని వాని పిల్లలను పెంచగా, కొలది తరములకే కొన్ని నక్కపిల్లలు కుక్కలవలె తోక ఊపసాగెను. తరువాతి తరములలో కొన్నింటికి చెవులు వ్రేలాడెను, ఒంటిపై తెల్లమచ్చలు వచ్చెను. సాధుగుణము నొక్కదానిని కోరి యెన్నుకొన్నచో దానివెంట తక్కిన మార్పులును వచ్చినవి.

ఇక గంగిరెద్దు. పై మూడు మార్గములును ఇందులో కలసియున్నవి: సాధువైన దూడను ఎన్నుకొందురు, దానికి రాముడనియో బసవన్నయనియో పేరు పెట్టుదురు, ముక్కుతాటి కదలికకును సన్నాయి ధ్వనికిని దానిని అలవాటు చేయుదురు. కాని దీనికిపైన నాలుగవది యొకటి కలదు. గంగిరెద్దువలె తల ఊపువాడని మనము ఊఁ కొట్టువానిని పరిహసింతుము. ఆటను శ్రద్ధగా చూచినవారికి ఆ పరిహాసము సరి కాదని తోచును. ఆడించువాడు ఎద్దును ఒక ప్రశ్న అడుగును; అది కాదని తల త్రిప్పును. మఱల అడుగును, పెడముఖము పెట్టును. ఏమి అలిగితివా యని బుజ్జగించును. అప్పుడు తల ఊపును. ఆవును సీతగను ఎద్దును రామునిగను చేసి ఆడించునపుడు ఈ అలకయే ఆటకు ప్రాణము. మొదటి మాటకే తల ఊపినచో పిల్లలు నవ్వరు, పెద్దలు ధాన్యము పోయరు. కాదనగల ప్రాణి ఔననుటలోనే స్నేహమున్నదని ఆ ఆడించువాడు ఏ పుస్తకములోను చదువలేదు, వాకిళ్లలో నేర్చుకొనెను. ఆడించువాడు నేలపై పరుండగా ఎద్దు వాని ఱొమ్ముపై కాలు మోపి, భారము వేయక నిలుచుట కూడ ఇట్టిదే. అది త్రొక్కగలదని మనకు తెలియును. త్రొక్కనందుననే ఊపిరి బిగబట్టి చూతుము.

స్వభావము లోపల నున్నను అది శరీరముపై కనబడవలెను. ఈ సంగతి కృష్ణాతీరపు శిల్పులకు పదునెనిమిది వందల యేండ్ల క్రిందటనే తెలియును. అమరావతి స్తూపపు ఫలకములలో నలగిరి యను మదపుటేనుగు కథ చెక్కినది నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నది. ఒకే వృత్తములో రెండు ఘట్టములు: ఒకచో ఏనుగు వీధిలో జనులను చెల్లాచెదరు చేయుచున్నది, వేఱొకచో అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. శిల్పి దాని తలపై కోపమని గాని శాంతమని గాని వ్రాయలేదు. తొండము, మెడ, మోకాళ్లు అన్నియు చెప్పినవి. రేపల్లె నాయనమ్మ డొక్కను చూపినదియు ఇదే విద్య.

ఇప్పుడు యంత్రము సంగతికి వత్తము. 1996 నవంబరులో జపానులో బండాయి కంపెనీవారు తమగోచి యను గ్రుడ్డు ఆకారపు ఆటవస్తువును విడుదల చేసిరి. అందులోని చిన్నప్రాణికి వేళకు తిండి పెట్టి, శుభ్రము చేసి, ఆడించవలెను. లేనిచో అది చచ్చిపోవును. ఆ సంవత్సరమే ఇంగ్లండులో స్టీవ్ గ్రాండ్ అను నిర్మాత క్రీచర్సు అను ఆటను వెలువరించెను. అందలి నార్నులను ప్రాణులకు మెదడు నరముల నమూనాలో లెక్కలును, రక్తములోని రసములవంటి లెక్కలును, తల్లిదండ్రులనుండి పిల్లలకు దిగు గుణములును అమర్చెను. ఆ ఆటలో నిర్మాత నడవడిని వ్రాయలేదు. నడవడి పుట్టుటకు కావలసినవానిని వ్రాసెను.

ఇట్టి ప్రాణి లోపల జరుగునదేమో ఇంటి మాటలలో చెప్పవచ్చును. చిల్లు పడిన నాలుగు కుండలను ఊహింపుడు. ఒకటి ఆకలిది, ఒకటి నిద్రది, ఒకటి ఆటది, ఒకటి తోడుది. నీరు సదా కాఱుచుండును. ఏ కుండ ఎక్కువగా వట్టిపోయినచో ప్రాణి ఆ పనికి పోవును: తిండికడకో, పడకకో, మనకడకో. ఇదియే నడవడి. ఇక చిల్లుల పరిమాణము మార్చుడు. తోడు కుండకు పెద్దచిల్లు పెట్టినచో అది మనవెంటనే తిరుగు మచ్చిక కుక్క. చిన్నచిల్లు పెట్టినచో తనపాటికి తాను పడియుండు పిల్లి. లెక్క ఒకటే, చిల్లులు వేఱు. ఇదియే స్వభావము. 2000 సంవత్సరమున వచ్చిన సిమ్సు అను ఆటలో మనుష్యుల బొమ్మలనే ఈ రీతిని నడపిరి.

పాత మార్గములన్నియు ఈ కొత్తయిండ్లలో మఱల కనబడును. 2002లో జపానులో వెలువడిన పోకేమాను ఆటలలో ఒక్కొక్క జంతువునకు 25 స్వభావములలో ఒకటి పుట్టుకతో వచ్చునట్లు చేసిరి. పిఱికిదానికి వేగము నూటికి 10 పాళ్లు పెరుగును, దెబ్బ బలము అంతే తగ్గును. ధైర్యశాలికి దెబ్బ బలము పెరిగి వేగము తగ్గును. చిన్నపిల్లలు తమ జంతువు స్వభావమును చదివి గెలుపును లెక్కకట్టుట మనకు కుక్కుటశాస్త్రమును తలపించును. 2001లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ అను ఆటలో పెద్దజంతువును నిమిరినచో అది చేసిన పని నిలుచును, చఱచినచో మానును. దానిని రిచర్డ్ ఎవాన్సు అను యువకుడు రూపొందించెను. థార్న్‌డైకు పెట్టెయు, రామలింగని పాలగిన్నెయు అందులో నున్నవి.

ఆన్‌లైను ఆటలలో ఒక గొప్ప ప్రయత్నము విఫలమైన కథ కూడ చెప్పదగినది. 1997లో వెలువడిన అల్టిమా ఆన్‌లైను అను ఆటలో నిర్మాతలు అడవి నంతయు బ్రతికింప దలచిరి. గడ్డి తిను కుందేలు, కుందేలును వేటాడు తోడేలు, ఆహారము, ఆశ్రయము, కోరిక గల జంతువులు. ఆట తెఱవగానే వేలాది ఆటగాండ్రు వచ్చి కనబడిన ప్రతి ప్రాణిని చంపివేసిరి. అడవి పుంజుకొను వేగముకన్న వారి కత్తి వేగము ఎక్కువయ్యెను. ఆ యేర్పాటును విడిచిపెట్టవలసి వచ్చినది. తోడేలు ఎందులకు వచ్చుచున్నదో గమనించు తీఱిక ఎవరికిని లేకపోయెను. చూచువాడు లేనిచో స్వభావము ఎంత సూక్ష్మముగా కల్పించినను వ్యర్థమని అప్పుడు తెలిసినది.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో వేటగాడు ఒక మృగమును మచ్చిక చేసి తోడుగా నుంచుకొనవచ్చును. మొదట దానికి సంతోషము, విశ్వాసము అను గుణము లుండెను. తిండి పెట్టి సంతోషపెట్టినచో దాని దెబ్బ నూటికి 125 పాళ్లు, మధ్యస్థముగా నున్నచో 100, అలిగినచో 75. మఱీ నిర్లక్ష్యము చేసినచో విడిచిపోవుటయు కలదు. ఆటగాండ్రలో పలువురకు ఇది విసుగు గొల్పినది. తరువాతి సంవత్సరములలో మొదట విశ్వాసమును, 2011లో సంతోషమును ఆ లెక్కనుండి తీసివేసిరి. ఇప్పుడది అలుగదు, విడిచిపోదు. పిలిచినపుడెల్ల వచ్చును. దానివలన సౌకర్యము కలిగినదనుటలో సందేహము లేదు. కాని మన సామెతలోని గంగిరెద్దు అదియే; వాకిటిలోని గంగిరెద్దు కాదు.

ఇచట మేము ఒకమాట నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఫోనులోని జంతువునకు నొప్పి లేదు. పిల్లి మూతి కాలినది నిజమైన మూతి. ఎద్దు ముక్కుతాడు నిజమైన ముక్కున దూరినది. కోడికాలికి కత్తికట్టుట మానవలెనని 1960లో జంతుహింసను నివారించు చట్టము వచ్చిన తరువాత కూడ మనము చెప్పుకొనవలసి వచ్చుచున్నది. ఏ ప్రాణికిని బాధ లేకుండ పిల్లలు మచ్చికను, ఓర్పును, వేళ తప్పక సాకుటను నేర్చుకొనగలిగినచో అది మేలే. 2005లో నింటెండో వారు వెలువరించిన కుక్కపిల్లల ఆటలో కుక్కలు చావవు; పేరు పెట్టి పిలిచినచో వచ్చును. కుక్కను పెంచుటకు వీలులేని యిండ్లలోని పిల్లలకు అది కొంత ఊరట.

కాని వేఱొక చిక్కు కలదు. కొన్ని ఆటలలో జంతువు ఏడుపు జంతువుకొఱకు గాక అంగడికొఱకు కల్పింపబడుచున్నది. బాలుడు ఫోను ప్రక్కన పెట్టిన కొంతసేపటికి కుక్కపిల్ల ఏడ్చుచున్నదని కబురు వచ్చును. దాని గీత ఎఱ్ఱబడును. వేగముగా నింపవలెనన్న సొమ్ము చెల్లింపుమనును. తోడు కుండకు చిల్లు ఎంత పెద్దదిగా పెట్టవలెనో ప్రాణి స్వభావమునుబట్టి కాక, బాలుడు దినమునకు ఎన్నిమాఱులు మఱలివచ్చునో దానినిబట్టి నిర్ణయింతురు. గంగిరెద్దును తెచ్చినవాడును దాని తల వంపుతోనే జీవించుచున్నాడు గదా యని అడుగవచ్చును. నిజమే. అయితే వాకిట పోసిన ధాన్యముతో ఇద్దఱు బ్రతుకవలెను, ఆ యిద్దఱిలో ఒకటి ఎద్దు. దాని డొక్కలోని గుంట మనలను మోసగించుటకు పెట్టినది కాదు.

నేడు పొలములలో ట్రాక్టరులు దున్నుచున్నవి. ఎద్దుల జత నిత్యము కనబడని ఊళ్లు తెనాలి చుట్టుప్రక్కలనే యున్నవి. బాపట్లలో 1945లో వ్యవసాయకళాశాల నెలకొన్నపుడు అందు చేరిన విద్యార్థులలో పలువురు ఎద్దు స్వభావమును ఇంటివద్దనే నేర్చుకొని వచ్చియుందురు. నేటి విద్యార్థి దానిని పాఠముగా చదువవలెను. మఱియొక వైపు మన ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలలో చదివిన యువకులు హైదరాబాదులోను విదేశములలోను ఆటలు నిర్మించు పనులలో చేరుచున్నారు. వారికి మేము చెప్పదగినది ఒక్కటే. మీరు కల్పించు ఎద్దుకు గీత పెట్టకముందు డొక్క పెట్టుడు. మొదటి పిలుపుకే వచ్చునట్లు చేయక ముందు, ఒక్కసారి పెడముఖము పెట్టనిండు. ఆ నేర్పు కలవారు ఇంకను సంక్రాంతికి మన వీధులలోనికి వచ్చుచునే యున్నారు. వారిని అడిగి తెలిసికొనవచ్చును.

తల్లిదండ్రులు పిల్లల చేతినుండి ఫోను లాగికొనుటకు ముందు ఆ జంతువును గూర్చి రెండుమాటలు అడుగుట మంచిది. అది నీవు చెప్పినదానికి ఎప్పుడైన కాదనునా? నీవు చూడనపుడు అది యేమి చేయుచుండును? ఈ ప్రశ్నలకు బాలుడు ఉత్సాహముతో సమాధానము చెప్పినచో ఆ ఆట మంచిదే. దానికి సొమ్ము కావలెనని మాత్రమే చెప్పినచో ఆలోచింపవలసినదే.

ఆనాడు రేపల్లెలో నాయనమ్మ ధాన్యమును ఆడించువాని జోలెలో పోసినది. బాలుడు లోపలినుండి ఒక అరటిపండు తెచ్చి, దూరమునుండియే చేయి చాచెను. ఎద్దు వాసన చూచి తల త్రిప్పుకొన్నది. బాలుని ముఖము చిన్నబోయినది. “భయపడుతున్నావని దానికి తెలిసింది బాబూ, దగ్గరికి రా” అని ఆడించువాడు చెప్పెను. బాలుడు ఫోనును అరుగుపై పెట్టి రెండడుగులు ముందుకు వేసెను.